మంచు దారికి ఏ టైరు, ముందు ఏ కారుకు?

ప్రశ్న: మేము ఈ వేసవిలో డాలస్ నుంచి డెన్వర్ పక్కనున్న ఆరోరాకు మారాము. మాకు రెండు కార్లున్నాయి. నేను నడిపేది ఫ్రంట్ వీల్ డ్రైవ్ సెడాన్, మావారిది ఆల్ వీల్ డ్రైవ్ (ఏడబ్ల్యూడీ) ఎస్‌యూవీ. రెండింటికీ టెక్సస్‌లో వేయించిన ఆల్ సీజన్ టైర్లే ఉన్నాయి. నేను ఆసుపత్రిలో నర్సును. ఉదయం ఏడింటికి మొదలయ్యే షిఫ్టుకు తెల్లవారుజామున ఐదున్నరకల్లా ఇల్లు కదలాలి. మావారు ఎక్కువగా ఇంటి నుంచే పనిచేస్తారు. ఏడబ్ల్యూడీ ఉన్న కారుకు వేరే టైర్లు అక్కరలేదని, మంచు పడిన రోజు నన్ను కూడా అదే తీసుకెళ్ళమని ఆయన అంటారు. పక్కింటి పెద్దాయన స్టడ్ టైర్లు, అంటే చిన్న లోహపు మేకులు దిగేసినవి, వేయించుకోమంటున్నారు. టైర్ల దుకాణంలో చలికాలంతో సహా ఏడాదంతా నడిపే ఆల్ వెదర్ టైర్లు చాలన్నారు. సంక్రాంతికి మా అత్తమామలు వస్తున్నారు, వారిని కొండల్లోని బ్రెకెన్‌రిడ్జ్ తీసుకెళ్ళాలని ఉంది. అందుకు టైర్లకు చుట్టే చైన్లు కొనాలా? రెండు కార్లకూ ఒకేసారి కొత్త టైర్లంటే ఇప్పుడు మాకు కష్టం. వాడిన వింటర్ టైర్లు తక్కువ ధరకు దొరుకుతున్నాయి, తీసుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, ఆరోరా, కొలరాడో

సమాధానం: ముందుగా నా తీర్పు చెప్పి, తర్వాత కారణాలు చెబుతాను. మీ దగ్గరున్న డబ్బు ఒక కారుకే సరిపోతే, అది మీ సెడాన్‌కు నాలుగు అసలైన వింటర్ టైర్లు, స్టడ్లు లేనివి, వేయించడానికి ఖర్చు పెట్టండి. ఎస్‌యూవీకి ఈ చలికాలం ఉన్న టైర్లతోనే గడపవచ్చునా లేదా అన్నది వాటి గాడుల లోతు కొలిచాక తేలుతుంది. కొలిచే పద్ధతి కింద రాశాను. స్టడ్లు మీకు అవసరం లేదు. చైన్లు మాత్రం కొండ ప్రయాణానికి ఎస్‌యూవీ డిక్కీలో ఉండాలి.

పెద్ద కారును, ఏడబ్ల్యూడీ ఉన్నదాన్ని వదిలి చిన్న కారుకు ముందు ఖర్చు పెట్టమనడం మీవారికి విడ్డూరంగా తోచవచ్చు. ఆయన చెప్పినదానిలో నిజం లేకపోలేదు. ఏడబ్ల్యూడీ ఇంజను బలాన్ని నాలుగు చక్రాలకూ పంచుతుంది కనుక, ఆగి ఉన్న కారు మంచులో కదలడానికి, ఎత్తు ఎక్కడానికి అది బాగా పనికొస్తుంది. కానీ బ్రేకు వేసినప్పుడు ఆ సౌకర్యం చేసే మేలు ఏమీ లేదు. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి. అక్కడి నుంచి కారు ఎంత దూరంలో ఆగుతుందన్నది రోడ్డును తాకుతున్న నాలుగు అరచేతులంత రబ్బరు మీద ఆధారపడి ఉంటుంది. మలుపులోనూ అంతే. పైగా ఏడబ్ల్యూడీ కారు మంచు రోడ్డు మీద కూడా సులువుగా వేగం అందుకుంటుంది కాబట్టి, కాలి కింద ఎంత జారుడుగా ఉందో నడిపేవారికి ఆలస్యంగా తెలుస్తుంది. ఫ్రంట్ వీల్ కారులో సిగ్నలు దగ్గర చక్రం ఒకసారి గిర్రున తిరిగితే ఆ సంగతి అప్పుడే అర్థమవుతుంది.

లెక్క వేసి చూస్తే ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. గంటకు 30 మైళ్ళ వేగంతో వెళుతున్న కారు పొడి తారు రోడ్డు మీద, బ్రేకు పడిన క్షణం నుంచి సుమారు 12 మీటర్లలో ఆగుతుంది. అదే కారుకు, అదే వేగంలో, తొక్కి గట్టిపడిన మంచు మీద సుమారు 35 మీటర్లు, నున్నటి ఐసు మీద సుమారు 90 మీటర్లు కావాలి. టైరుకూ రోడ్డుకూ మధ్య పట్టును చెప్పే రాపిడి గుణకం పొడి రోడ్డు మీద 0.8 దగ్గర, ఐసు మీద 0.1 దగ్గర ఉంటుందన్న లెక్కతో వచ్చిన అంకెలివి. టైరు మార్చి ఆ 0.1ని 0.15 చేయగలిగితే 90 మీటర్లు 60 అవుతాయి. వేగం 30 నుంచి 20కి తగ్గిస్తే అదే 90 మీటర్లు 40 అవుతాయి. ఈ రెండూ కలిసినప్పుడు మీ కారు కూడలి మధ్యకు జారుకుంటూ పోకుండా గీతకు ముందే ఆగుతుంది. ఏడబ్ల్యూడీ ఈ లెక్కలో ఎక్కడా రాదు.

ఇక మీరు బయలుదేరే వేళ గురించి ఆలోచించండి. డెన్వర్ మంచుకు ఒక స్వభావం ఉంది. అది బఫెలోలోనో మినియాపొలిస్‌లోనో లాగ నెలల తరబడి రోడ్ల మీద పేరుకుని ఉండదు. మైలు ఎత్తున ఉన్న ఊరు కాబట్టి ఎండ చురుకుగా ఉంటుంది. ఈ రోజు నాలుగు అంగుళాలు పడితే రేపు మధ్యాహ్నానికి ప్రధాన రోడ్లు చాలావరకు తారు తేలిపోతాయి. అలా కరిగిన నీరు సాయంత్రానికి కాలనీ రోడ్ల మీద, ఇళ్ళ నీడ పడే ఉత్తరపు వైపున, వంతెనల మీద నిలిచి, రాత్రికి గడ్డకడుతుంది. కిందినుంచి కూడా చలిగాలి తగులుతుంది కనుక వంతెన రోడ్డు కంటే ముందే గడ్డకడుతుంది. కార్లు ఆగి, చక్రాలు తిప్పి, మళ్ళీ కదిలే కూడళ్ళలో ఆ పొర అద్దంలా మెరుగుపడుతుంది. పది గంటలకు ఆఫీసుకు వెళ్ళేవారు దానిని చూడరు. ఐదున్నరకు వెళ్ళే మీరు దాని మీదే నడపాలి. బ్లాక్ ఐస్ అన్నది నల్లటి రోడ్డు పైన పారదర్శకంగా ఉన్న పొర మాత్రమే, హెడ్‌లైట్ల వెలుగులో తడి రోడ్డుకూ దానికీ తేడా కనిపించదు. ఐసు కరగడానికి నగరం చల్లే మెగ్నీషియం క్లోరైడు ద్రవం చాలావరకు సాయపడుతుంది గాని, అది ముందుగా పెద్ద రోడ్లకే అందుతుంది, చలి మరీ ముదిరితే దాని ప్రభావం తగ్గుతుంది.

ఇంకొక విషయం చాలామంది తలకిందులుగా అనుకుంటారు. చలి ఎంత ఎక్కువైతే ఐసు అంత జారుతుందని అనుకోవడం సహజమే. నిజానికి ఐసు అన్నింటికంటే ఎక్కువగా జారేది సున్నా సెల్సియస్ దగ్గర, దాని పైన పలుచటి నీటి పొర ఉన్నప్పుడు. మైనస్ ఇరవైలో ఐసు గరుకుగా ఉండి కొంత పట్టు ఇస్తుంది. డెన్వర్‌లో కరగడం, గడ్డకట్టడం మళ్ళీ మళ్ళీ జరుగుతుంటాయి, కాబట్టి ఆ చెడ్డరకం ఐసు మీకూ ఎదురవుతుంది.

ఇప్పుడు టైర్ల సంగతి. ఆల్ సీజన్ అన్న పేరు అన్ని కాలాలకూ పనికొస్తుందన్న భరోసా ఇస్తుంది కాని, ఆ రబ్బరును ఎండకూ వానకూ తట్టుకునేలా, ఎక్కువ మైళ్ళు నడిచేలా తయారు చేస్తారు. సుమారు 45 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే, అంటే 7 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి ఉష్ణోగ్రత దిగేకొద్దీ అది బిగుసుకుపోతూ రోడ్డు గరుకులోకి దిగలేకపోతుంది. మీ టైర్లు టెక్సస్ ఎండలు కూడా చూసినవి. వేడిలో ఏళ్ళు గడిచిన రబ్బరు మరింత గట్టిపడి ఉంటుంది. వింటర్ టైరు రబ్బరులో సిలికా ఎక్కువగా కలిపి, చలిలోనూ మెత్తగా ఉండేలా చేస్తారు.

దుకాణానికి వెళ్ళినప్పుడు ఒక ఆల్ సీజన్ టైరును, ఒక వింటర్ టైరును పక్కపక్కన పెట్టించి చూడండి. వింటర్ టైరు మీద ప్రతి రబ్బరు దిమ్మెకూ కత్తితో గీసినట్టుగా, వంకరటింకరగా, సన్నని చీలికలు కనిపిస్తాయి. బొటనవేలితో దిమ్మెను పక్కకు నొక్కితే ఆ చీలికలు విచ్చుకుంటాయి. ఐసు మీద బ్రేకు వేసినప్పుడు జరిగేది సరిగ్గా ఇదే. దిమ్మె వంగుతుంది, ప్రతి చీలిక అంచు ఒక చిన్న పలుగులా గీరుకుంటుంది, పైనున్న నీటి పొరలో కొంత చీలికలోకి పోతుంది. పెద్ద గాడుల పని వేరు. అవి మంచును తమలో కూరుకుని పట్టి ఉంచుతాయి. మంచు మంచుకు బాగా అంటుకుంటుంది కనుక, గాడుల నిండా మంచుతో తెల్లగా కనిపిస్తున్న టైరు తన పని తాను చేస్తున్నట్టే లెక్క. దానిని గీకి తీయనక్కరలేదు.

టైరు పక్కగోడ మీద రెండు గుర్తుల కోసం చూడండి. ఎం ప్లస్ ఎస్ అన్న అక్షరాలు బురదకు, మంచుకు అనువైన గాడుల అమరిక ఉందని తయారీదారు చెప్పుకునే మాట. దాని వెనుక ఏ మంచు పరీక్షా ఉండనక్కరలేదు. మీ టెక్సస్ టైర్ల మీద కూడా ఆ అక్షరాలు ఉండే ఉంటాయి. రెండవది, మూడు శిఖరాల కొండ బొమ్మలో మంచు రేకు ఉన్న గుర్తు. 1999లో అమెరికాలో వచ్చిన ఈ గుర్తు పొందాలంటే, తొక్కిన మంచు మీద ఒక ప్రామాణిక టైరు కంటే కనీసం 10 శాతం ఎక్కువ లాగగలిగినట్టు పరీక్షలో తేలాలి. జర్మనీ వంటి దేశం 2024 అక్టోబరు నుంచి చలికాలపు నియమానికి ఎం ప్లస్ ఎస్‌ను చెల్లనివ్వడం మానేసి, కొండ గుర్తునే అంగీకరిస్తోంది. అయితే కొండ గుర్తు పరీక్ష కారు ముందుకు లాగడాన్ని, అదీ మంచు మీద, కొలుస్తుంది. ఐసు మీద బ్రేకు ఎలా పడుతుందో అది చెప్పదు. అందుకే ఒకే గుర్తు ఉన్న ఆల్ వెదర్ టైరుకూ వింటర్ టైరుకూ ఐసు మీద చాలా తేడా ఉండవచ్చు. మీ దుకాణదారు చెప్పనిది ఇదే.

అలాగని ఆల్ వెదర్ టైర్లను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కొండ గుర్తు ఉండి, ఏడాది పొడుగునా మార్చకుండా నడపగలిగే ఈ రకం ఇటీవల బాగా మెరుగుపడింది. మిషెలిన్ క్రాస్‌క్లైమేట్ 2, నోకియన్, టోయో, బ్రిడ్జ్‌స్టోన్ కంపెనీల్లో ఈ తరహావి దొరుకుతాయి. తీరిక చూసుకుని, రోడ్లు శుభ్రం చేశాక బయలుదేరగల మీవారికి అవి చక్కగా సరిపోతాయి. వాయిదా వేయడానికి వీల్లేని పనికి చీకట్లో వెళ్ళే మీకు మాత్రం బ్లిజాక్, ఎక్స్-ఐస్, హాకాపెలిట్టా ఆర్, వైకింగ్‌కాంటాక్ట్ వంటి స్టడ్లు లేని వింటర్ టైర్లే నేను చెబుతాను. వీటిలో ఏ కంపెనీ అన్నది నా దృష్టిలో రెండో ప్రశ్న. మీ కొలతలో కొత్తవి, ఈ ఏడాదో నిరుడో తయారైనవి ఏవి దొరికితే అవి తీసుకోండి.

పక్కింటి పెద్దాయన సలహాకూ ఆధారం ఉంది. టంగ్‌స్టన్ కార్బైడు మొన ఉన్న స్టడ్లు తడిసిన నున్నటి ఐసులోకి దిగి పట్టుకున్నట్టు ఏ రబ్బరూ పట్టుకోలేదు. కొలరాడోలో వాటిని ఏడాది పొడుగునా అనుమతిస్తారు కూడా. కానీ మీరు నడిపే మైళ్ళలో అధిక భాగం పొడి తారు మీదే. అక్కడ స్టడ్లు మోత పుట్టిస్తాయి, బ్రేకు దూరాన్ని పెంచుతాయి, రోడ్డును తవ్వుతాయి. మినెసోటా 1970ల మొదట్లోనే తన నివాసులకు వాటిని నిషేధించింది. జపాన్‌లో స్టడ్లు రోడ్డును చెక్కగా లేచిన దుమ్ము సమస్యై, 1990లో చట్టమే చేయవలసి వచ్చింది. ఆ ఒత్తిడి నుంచే స్టడ్లు లేని మంచి ఐసు టైర్లు అక్కడ వేగంగా ఎదిగాయి. ఎత్తు మీద, మట్టి రోడ్డు చివర, నెలల తరబడి ఐసు కట్టే ఇల్లు మీదైతే నేను కూడా స్టడ్లే అనేవాడిని. ఆరోరాలో వద్దు.

ఖర్చు గురించి మీరు భయపడినంత లేదు. సెడాన్‌కు నాలుగు వింటర్ టైర్లు సాధారణంగా 600 నుంచి 900 డాలర్ల మధ్య పడతాయి. అవి నడిచిన నెలల్లో మీ పాత టైర్లు గ్యారేజీలో ఉండి అరగవు కాబట్టి, అసలు అదనపు ఖర్చు మార్పిడి కూలి మాత్రమే. వీలైతే వాటికి వేరుగా నాలుగు ఉక్కు రిమ్ములు కూడా తీసుకోండి. ప్రతిసారీ రిమ్ము మీద నుంచి టైరు ఊడదీసి ఎక్కించే ఖర్చు, ఆ పనిలో అంచులు దెబ్బతినే ప్రమాదం తప్పుతాయి. రెండు మూడు చలికాలాల్లో రిమ్ముల డబ్బు తిరిగి వస్తుంది. మీ కారు తయారీదారు అనుమతించిన కొలతల్లో ఒక అంగుళం చిన్న రిమ్ము, కొంచెం సన్నని టైరు ఉంటే అది తీసుకోవడం మేలు. ధర తగ్గుతుంది, సన్నని టైరు మంచును చీల్చుకుని కిందికి దిగుతుంది. బ్రేకు భాగాలకు తగలకుండా సరిపోతుందో లేదో దుకాణంలో తేల్చుకున్నాకే కొనండి. కొత్త రిమ్ములలో గాలి ఒత్తిడి సెన్సర్లు పెట్టించకపోతే డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం చలికాలమంతా వెలుగుతూనే ఉంటుంది. చక్రాలు మార్చిన తర్వాత 50 మైళ్ళు తిరిగాక నట్లు ఒకసారి బిగింపు సరిచూపించుకోవాలి.

ముందు చక్రాలకే ఇంజను బలం వెళుతుంది కదా, రెండు కొంటే చాలదా అన్న ఆలోచన మీకు వచ్చినా, ఎవరైనా చెప్పినా, దానిని అక్కడే వదిలేయండి. ముందు రెండూ పట్టుకుని వెనుక రెండూ జారితే, మలుపులో బ్రేకు వేయగానే కారు తోక తిరిగిపోతుంది. నాలుగూ సాధారణ టైర్లు ఉన్న కారు కంటే అది ప్రమాదకరం.

ఎస్‌యూవీ విషయానికి వస్తే, ఏ ఆటో విడిభాగాల దుకాణంలోనైనా కొద్ది డాలర్లకు దొరికే గాడి లోతు కొలిచే గేజి ఒకటి తెచ్చుకోండి. ప్రతి టైరులో లోపలి అంచున, మధ్యలో, బయటి అంచున మూడు చోట్ల కొలవండి, ఎందుకంటే అరుగుదల సమానంగా ఉండదు. కొత్త టైరు గాడి సుమారు 10/32 అంగుళాలు ఉంటుంది. చాలా రాష్ట్రాల్లో చట్టం 2/32 వరకు నడపనిస్తుంది గాని, మంచులో 6/32 కంటే తక్కువైతే గాడికి మంచు పట్టే చోటు ఉండదు. అన్నిచోట్లా 6/32 దాటి ఉండి, ఎం ప్లస్ ఎస్ గుర్తు ఉంటే ఈ చలికాలానికి ఆ టైర్లను ఉంచి, వచ్చే ఏడాది ఆల్ వెదర్ వేయించండి. ఒక్క టైరు తగ్గినా నాలుగూ మార్చడమే. ఏడబ్ల్యూడీలో చక్రాల చుట్టుకొలతల్లో తేడా ఉంటే గేర్ల మీద భారం పడుతుంది.

మంచు పడిన రోజు మీరు ఎస్‌యూవీ తీసుకెళ్ళాలా అన్న ప్రశ్నకు నా సమాధానం రోడ్డు మీద ఎంత మంచు ఉందన్నదాన్ని బట్టి మారుతుంది. రెండు మూడు అంగుళాల మంచు, దాని కింద ఐసు ఉంటే వింటర్ టైర్లున్న మీ సెడానే ముందుగా ఆగుతుంది, దానినే తీసుకెళ్ళండి. కాలనీ రోడ్డు తీయకుండా ఆరేడు అంగుళాలు దాటి ఉంటే సెడాన్ అడుగుభాగం మంచు మీద కూర్చుని చక్రాలు గాలిలో తిరిగినట్టవుతుంది. అప్పుడు నేలకు ఎత్తుగా ఉన్న ఎస్‌యూవీ తీసుకోక తప్పదు, ముందున్న కారుకు మరీ ఎక్కువ దూరం ఉంచి నడపాలి. అటువంటి తుఫాను సూచన ఉన్న రాత్రి ఆసుపత్రిలోనే పడుకునే ఏర్పాటు ఉందేమో మీ పైవారిని ముందుగా అడిగి ఉంచుకోండి.

బ్రెకెన్‌రిడ్జ్ ప్రయాణానికి చట్టం కూడా లెక్కలోకి వస్తుంది. ఐ-70 హైవే మీద మోరిసన్ నుంచి డాట్సెరో వరకు, సెప్టెంబరు 1 నుంచి మే 31 దాకా, ఆకాశం నీలంగా ఉన్న రోజున కూడా టైర్ల పట్టుకు సంబంధించిన కొలరాడో ట్రాక్షన్ చట్టం అమల్లో ఉంటుంది. మీరు ఫ్రిస్కో దగ్గర దిగి 9వ నంబరు రోడ్డు పట్టేదాకా నడిపే కొండ దారి ఆ హద్దుల్లోనే ఉంది. అందులోనే 11,000 అడుగులకు పైన ఉన్న ఐసెన్‌హోవర్ సొరంగం కూడా వస్తుంది. ఏడబ్ల్యూడీ కారైనా, వింటర్ టైర్లో ఎం ప్లస్ ఎస్ టైర్లో ఉన్న కారైనా, గాడి లోతు 3/16 అంగుళాలు, అంటే పైన చెప్పిన 6/32, ఉండి తీరాలి. అవి లేకపోతే చైన్లో, వాటికి బదులుగా రాష్ట్రం అంగీకరించిన సాధనమో కారులో ఉండాలి. వాతావరణం మరీ చెడితే చైన్ చట్టం ప్రకటిస్తారు. అప్పుడు తగిన టైర్లున్న ఏడబ్ల్యూడీ కార్లు తప్ప మిగిలినవన్నీ చైన్లు గాని, రాష్ట్రం అంగీకరించిన ఆ సాధనం గాని తొడగాలి. ఉల్లంఘిస్తే 100 డాలర్లకు పైగా, మీ కారు అడ్డం తిరిగి దారి మూసుకుపోతే 500 డాలర్లకు పైగా జరిమానా పడుతుంది.

మీ ఎస్‌యూవీ చట్టరీత్యా చైన్లు లేకుండా వెళ్ళగలిగినా కొనమంటున్నాను, ఎందుకంటే సాధారణ టైర్లతో పెద్దవారిని వెంటబెట్టుకుని సొరంగం దిగువ వాలులో ఇరుక్కున్నప్పుడు చట్టం మినహాయింపు ఇచ్చిందన్నది కారును ఆపదు. కారు మాన్యువల్ తెరిచి చైన్ల భాగం చదవండి. కొన్ని కార్లలో కొన్ని రిమ్ము కొలతలకు చైన్లు వేయవద్దని రాసి ఉంటుంది. వేయవచ్చన్న చోట కూడా చక్రానికీ బాడీకీ మధ్య ఖాళీ తక్కువ కాబట్టి తక్కువ చోటులో పట్టే క్లాస్ ఎస్ రకానివే వేయమని ఉండవచ్చు. ఏడబ్ల్యూడీలో ఏ చక్రాలకు తొడగాలో మాన్యువల్ చెప్పినట్టే చేయాలి, ఇరుగుపొరుగు మాట మీద కాదు. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారుకైతే ఎప్పుడూ ముందు చక్రాలకే. మాన్యువల్ చైన్లు వద్దంటే గుడ్డతో చేసిన టైరు తొడుగులు దొరుకుతాయి, రాష్ట్రం అంగీకరించినవీ వాటిలో ఉన్నాయి. చేతులకు తేలిక. పొడి తారు తగిలితే మాత్రం త్వరగా చిరిగిపోతాయి.

కొన్న పెట్టెను సీలు విప్పకుండా డిక్కీలో పడేసి కొండ ఎక్కేవారు ఎక్కువ. ఒక ఆదివారం మధ్యాహ్నం, ఎండలో, మీ ఇంటి ముందరే రెండు చక్రాలకూ తొడిగి చూడండి. చైను చిక్కులు విప్పి నేల మీద పరవాలి, కొక్కేల మొనలు టైరు వైపు కాకుండా బయటికి ఉండేలా చూడాలి, వెనుక చెయ్యి పెట్టి లోపలి వైపు కొక్కెం ముందుగా తగిలించాలి. బయటి కొక్కెం సులువు, లోపలిదే పరీక్ష, ఎందుకంటే అది కంటికి కనిపించదు, వేళ్ళకు తగలాలి. తరువాత కారును కొద్దిగా ముందుకు జరిపి మిగిలిన భాగం బిగించాలి. కొన్ని వందల అడుగులు నడిపి ఆగి మళ్ళీ బిగించాలి. రాత్రి, గాలిలో, తడి చేతి తొడుగులతో ఈ పని మొదటిసారి చేయడం ఎవరివల్లా కాదు. పెట్టెతో పాటు రబ్బరు చేతి తొడుగులు, తలకు కట్టుకునే దీపం, మోకాళ్ళ కింద వేసుకోవడానికి పాత చాప ఉంచండి. దారి పక్కన చైన్లు వేసుకోవడానికి కేటాయించిన వెడల్పాటి స్థలాలుంటాయి, అక్కడే ఆగాలి. చైన్లున్నప్పుడు 30 మైళ్ళు దాటకూడదు, తారు తేలగానే తీసేయాలి.

టైర్ల గాలి చలికి దానంతట అదే తగ్గుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీల ఫారెన్‌హీట్ పడితే గాలి ఒత్తిడి సుమారు 1 పీఎస్ఐ తగ్గుతుంది. 70 డిగ్రీలున్న రోజు 35 నింపిన టైరు, 10 డిగ్రీల తెల్లవారుజామున 29 చూపుతుంది. అందుకని చలికాలంలో నెలకు రెండుసార్లు, కారు కదిలించకముందు, తలుపు అంచున రాసిన అంకె వరకు నింపుకోండి. పట్టు కోసం గాలి తగ్గించాలన్న సలహా ఇసుకలో నడపడానికి పనికొచ్చేది, మంచు రోడ్డుకు కాదు.

వింటర్ టైర్లు తీసేయడానికి తొందరపడవద్దు. డెన్వర్‌లో సగటున ఎక్కువ మంచు పడే నెల మార్చి. 2021 మార్చి నడుమ ఒకే తుఫానులో అక్కడ 27 అంగుళాలు పడింది. ఏప్రిల్ చివరి దాకా ఉంచి, ఉదయాలు 45 డిగ్రీలు దాటడం మొదలయ్యాక మార్చండి. మే ఎండలో కూడా నడిపితే మెత్తని రబ్బరు కళ్ళముందే అరుగుతుంది.

చివరిగా వాడిన టైర్ల గురించి. తీసుకోకూడదని ఏమీ లేదు, కానీ చూసి తీసుకోవాలి. పక్కగోడ మీద డాట్ అన్న అక్షరాల తర్వాత వచ్చే సంఖ్యలో చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. 3821 అంటే 2021లో 38వ వారం. ఆరేళ్ళు దాటిన వింటర్ టైరు గాడులు ఎంత లోతుగా ఉన్నా వద్దు, దాని విలువంతా రబ్బరు మెత్తదనంలోనే కదా. గాడి 7/32 కంటే తక్కువైతే ఒక్క చలికాలంలోనే పనికిరాకుండా పోతుంది. పైగా కొన్ని రకాల్లో ఐసును పట్టే ప్రత్యేక రబ్బరు పైభాగంలోనే ఉంటుంది, అది అరిగాక మిగిలేది మామూలు రబ్బరే. పక్కగోడ మీద ఉబ్బు, లోపల అతుకు ఉన్నాయేమో చూడండి. నాలుగూ ఒకే కంపెనీ, ఒకే రకం, ఒకే కొలత అయి, మీ కారు రిమ్ములతో సహా దొరికితే మంచి బేరమే. మూడే బాగున్నాయన్నా, నాలుగోది వేరే రకమన్నా డబ్బు ఇవ్వకండి. కొత్తవి కొనేటట్టయితే అక్టోబరు మొదటి వారంలోనే దుకాణంలో సమయం తీసుకోండి. మొదటి మంచు సూచన టీవీలో వచ్చిన మర్నాటి నుంచి మీ కొలత టైర్లు నిలవలో దొరకడమూ కష్టమే, బిగించేవారి తీరిక దొరకడమూ కష్టమే.